ఊరి ఆసుపత్రికి సోలార్: నేను రోజూ వినే అపోహలు, చూసే వాస్తవాలు

పాడేరు చుట్టుపక్కల కొండల్లో పీహెచ్‌సీలకూ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ) సబ్‌సెంటర్లకూ సోలార్ బిగించడం, చెడితే బాగుచేయడం నా పని. ఎక్కడికెళ్ళినా దాదాపు ఇవే మాటలు వినపడతాయి. కొన్ని డాక్టర్లవి, కొన్ని సర్పంచులవి, ఒకటి ఒకప్పుడు నాది.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత.

సోలార్ ప్లేటుకు కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని వెనక రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతూ పోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం స్లాబు మీద ప్లేటు 60 డిగ్రీలకు చేరితే ఏడో వంతు అక్కడే పోయినట్టు. పొగమంచు విడిపోయాక కాసే జనవరి ఎండ మీదే నాకు మక్కువ.

అపోహ: మిద్దె మీద ప్లేట్లుంటే కరెంటు పోయినా లైట్లు వెలుగుతాయి.

బ్యాటరీ లేకుండా ఊరి కరెంటు లైనుకు కలిపిన సిస్టమ్ అయితే లైను పోగానే అదీ ఆగుతుంది. చెడిపోయి కాదు, కావాలనే అలా చేస్తారు. స్తంభం ఎక్కిన లైన్‌మన్ మీదకు కింది నుంచి కరెంటు ఎదురు రాకూడదు గదా! బిల్లు తగ్గడానికి అది చాలు. రాత్రి కానుపుకు మాత్రం బ్యాటరీ ఉండాల్సిందే. కాగితం మీద రెంటినీ సోలార్ అనే రాస్తారు కాబట్టి, సంతకం పెట్టేముందే అడగండి.

అపోహ: 2 కిలోవాట్ల సిస్టమ్ పెట్టాక ఇంకేం, అన్నీ నడుస్తాయి.

ఇదే నాది. సర్వేకి పగటిపూట వెళ్ళాను. ఫ్యాన్లు, లైట్లు రాసుకున్నాను. మూలన గుడ్డ కప్పి, పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే వార్మరుంది. "అది ఎప్పుడో గానీ వాడరులే" అన్నారెవరో, నేనూ వదిలేశాను. బిగించిన రెండు నెలలకు స్టాఫ్ నర్సు ఫోన్ చేసింది. "తమ్ముడూ, నీ సోలార్ రాత్రి రెండింటికి పడిపోయింది. సెల్లు లైటేసుకుని బొడ్డు కోశాం."

తర్వాత కూర్చుని లెక్కేశాను. 48 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలంటే కాగితం మీద 7.2 యూనిట్లు. యాసిడ్ బ్యాటరీని రోజూ సగం కంటే కిందికి దించితే తొందరగా చస్తుంది, అంటే చేతికొచ్చేది 3.6. 600 వాట్ల వార్మరు ఆగకుండా ఆరు గంటలు కాలితే సరిగ్గా అంతే. బిడ్డ వెచ్చబడ్డాక అది తగ్గించుకునే మాట నిజమే, కానీ తలుపు సందుల్లోంచి చలిగాలి కొట్టే గదిలో పెద్దగా తగ్గదు. పోల్చి చూడండి: 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు పన్నెండు, పది గంటలు వెలిగినా 2.4 యూనిట్లే.

వేడి పుట్టించే దేన్నయినా అనుమానంగానే చూడాలి. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌ను మధ్యాహ్నం ఎండ ఉండగానే, అదీ లైను కరెంటు మీదే పెట్టమంటాను. డ్యూటీ రూమ్‌లో టీ కాచుకునే కెటిల్ సంగతి అడిగితే అందరూ గోడకేసి చూస్తారు, అయినా అడుగుతాను. ఇప్పుడు కాన్పు గదికి వేరే వైరింగ్, వేరే బ్యాటరీలు. సర్వేకి వెళ్తే ఒక రాత్రి అక్కడే బల్ల మీద పడుకుంటాను.

అపోహ: టీకాల ఫ్రిజ్‌ను సోలార్ మీద నమ్మలేం.

అసలు బ్యాటరీయే లేని సోలార్ ఫ్రిజ్‌లున్నాయి. పగలు ఎండతో లోపల ఐసు గడ్డకట్టించుకుంటాయి, ఆ చల్లదనంతో రాత్రి గడుపుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం ఎండ లేకపోయినా కనీసం మూడు రోజులు చల్లదనం నిలవాలి. లైను కరెంటు మీద నడిచే మామూలు టీకాల ఫ్రిజ్ ఐఎల్ఆర్‌కైనా రోజుకు ఎనిమిది గంటల కరెంటు చాలు. కరెంటు పోయిందని మాటిమాటికీ మూత తెరిచి చూడకపోతే మేలు. ఇంకో సంగతి: ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. వేడెక్కుతుందనే అందరి భయం, కానీ పెంటావాలెంట్, హెపటైటిస్ బి లాంటి టీకాలు గడ్డకట్టినా పనికిరావు.

అపోహ: వానాకాలమంతా దండగ.

మబ్బు రోజు తగ్గుతుంది, సున్నా కాదు. ముసురుకు తగ్గట్టు బ్యాటరీ లెక్క వేయాలి, అంతే. మా కొండల్లో వాన కంటే పక్కనే పెరిగిన పనస కొమ్మ నీడ ఎక్కువ కరెంటు తింటుంది, ఒక్క ప్లేటు మీద పడినా ఆ వరస మొత్తం తగ్గుతుంది.

అపోహ: ఒకసారి బిగిస్తే 25 ఏళ్ళు చూడక్కర్లేదు.

25 ఏళ్ళు ప్లేటుకు. యాసిడ్ బ్యాటరీ బాగా చూసుకుంటే అయిదేళ్ళు, డిస్టిల్డ్ వాటర్ మరిచిపోతే రెండే. ప్లేట్లు తళతళలాడుతూ, కింద బ్యాటరీలు పూలకుండీలకు పీటలైన సబ్‌సెంటర్‌ను నేను చూశాను. బిగించడానికి డబ్బు ఒక పద్దులోంచి వచ్చింది, బ్యాటరీ మార్చడానికి ఏ పద్దూ లేదు. ఛత్తీస్‌గఢ్‌లో సోలార్ పనులు చూసే ప్రభుత్వ సంస్థ క్రెడా వందల పీహెచ్‌సీలకు సోలార్ పెట్టి, వాటి బాగోగులు చూసే టెక్నీషియన్లనూ ఏర్పాటు చేసింది. ఆ రెండో సగానికే మన దగ్గర ఎవరూ రిబ్బన్ కత్తిరించరు.

అందుకే కొత్తచోట పని ఒప్పుకునే ముందు డాక్టరు గారిని ఒకటే అడుగుతున్నాను: అయిదో ఏడు బ్యాటరీలు ఎవరు కొంటారు సార్? మొన్న ఒకాయన నవ్వి, "అప్పటికి నాకు బదిలీ అయిపోతుందయ్యా" అన్నాడు.