స్విచ్ నొక్కమని చెప్పిన తెర

విండోస్ 95 నడిచే కంప్యూటర్‌లో షట్‌డౌన్ నొక్కిన కొద్దిసేపటికి తెరంతా నల్లబడి, మధ్యలో నారింజ రంగు అక్షరాలతో ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చేది. ఇక మీ కంప్యూటర్‌ను నిశ్చింతగా ఆపవచ్చు అని దాని అర్థం. ఆ మాట కనిపించేదాకా ఆగి, ఆ తర్వాతే డబ్బా ముందున్న స్విచ్‌ను చేత్తో నొక్కాలని ఇన్‌స్టిట్యూట్‌లో మాకు మొదటిరోజే నేర్పారు. చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలోకి వెళ్లి, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి కూర్చున్న ఆ రోజుల్లో అదొక మర్యాదలాగా అనిపించేది. దాని వెనకున్న కారణం నాకు చాలా ఏళ్లకు గాని బోధపడలేదు.

హార్డ్ డిస్క్ నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి, మనం సేవ్ చేసినదాన్ని విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ వెంటనే డిస్క్ మీద రాయకుండా కాసేపు మెమరీలో అట్టిపెట్టుకొని, వీలు చూసుకొని రాస్తుంది. ఏ ఫైలు డిస్క్ మీద ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టికలోని మార్పులు కూడా ఇలాగే వాయిదా పడవచ్చు. ఈలోగా కరెంటు పోతే పట్టికలో ఉన్నది ఒకటి, డిస్క్ మీద ఉన్నది మరొకటి అవుతుంది. కరెంటు కోతల కాలంలో విండోస్ 98 మొదలుపెట్టినవారికి నీలిరంగు తెర మీద స్కాన్‌డిస్క్ ఆ లెక్కను సరిచేస్తూ కూర్చోవడం బాగా గుర్తుండే ఉంటుంది. అయితే రాయడం పూర్తయ్యాక కంప్యూటర్ తనంతట తానే ఎందుకు ఆగిపోయేది కాదన్న ప్రశ్న మిగులుతుంది. అప్పటి ఏటీ రకం పవర్ సప్లైలో స్విచ్ నేరుగా కరెంటు తీగ మీదే ఉండేది, సాఫ్ట్‌వేర్‌కు దాన్ని అందుకునే దారి లేదు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణంలో మదర్‌బోర్డు ఒక సంకేతం ఇస్తే పవర్ సప్లై ఆగిపోయే ఏర్పాటు వచ్చింది. అలాంటి కంప్యూటర్లు ఇళ్లకు చేరేకొద్దీ నారింజ అక్షరాల తెర కనుమరుగైంది.

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఉన్న మమకారం గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ తెరే గుర్తుకొస్తుంది. మనం తలచుకొని మురిసిపోయే వాటిలో చాలా భాగం, యంత్రానికున్న ఏదో ఒక పరిమితి బయటికి కనిపించిన చోట్లే. పిక్చర్ ట్యూబు లోపలి ఫాస్ఫర్ పూత మీద ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే మచ్చ పడిపోతుంది కాబట్టి స్క్రీన్ సేవర్లు పుట్టాయి. విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు అక్షరాలు మాత్రమే చోటు ఉండేది కాబట్టి, పెట్టినవారికి తప్ప మరొకరికి అర్థంకాని పొట్టిపేర్లు పుట్టాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డీఫ్రాగ్, అంటే డిస్క్ మీద ముక్కలైన ఫైళ్లను సర్దే ప్రోగ్రాము. విండోస్ 98లో దాన్ని నడిపి, వివరాలు చూపమంటే తెర నిండా చిన్న చిన్న రంగుల గళ్లు పరుచుకునేవి. ఒక్కో గడి డిస్క్ మీద ఒక్కో క్లస్టర్, అంటే ఫైలు ముక్కను దాచే చిన్న అర. ఫైళ్లు చెరిపేసి కొత్తవి రాస్తూ పోతే ఖాళీలు చెల్లాచెదురై, ఒకే ఫైలు పది చోట్ల ముక్కలుగా పడి ఉంటుంది. దాన్ని చదవాలంటే డిస్క్ లోపలి హెడ్, గ్రామఫోన్ ముల్లులా, ఒక ముక్క దగ్గర్నుంచి మరో ముక్క దగ్గరికి కదలాలి. అలాంటి ఒక్కో కదలికకు సుమారు 10 మిల్లీసెకన్లు పట్టేది. మనకు అది లెక్కలోకి రాని సమయమే కాని, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం ఆ వ్యవధిలో 30 లక్షల సార్లు కొట్టుకుంటుంది. డీఫ్రాగ్ ఆ ముక్కలను ఏరి ఒకచోట చేరుస్తుంటే, గడి తర్వాత గడి రంగు మారడమూ, డబ్బాలోంచి కరకరమన్న చప్పుడు రావడమూ ఒకేసారి జరిగేవి. మధ్యలో ఏ ప్రోగ్రామైనా డిస్క్ మీద ఏమైనా రాస్తే పని మళ్లీ మొదటికొచ్చేది. గంట సేపు చేతులు కట్టుకొని చూసిన విద్యార్థికి, ఫైలు అంటే ఏమిటో, అది ఎక్కడ ఉంటుందో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. విండోస్ విస్టాలో ఆ గళ్ల పటాన్ని తీసేసి, ఆ పనిని మన కంటపడకుండా వారానికోసారి జరిగేలా చేశారు. కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీలకు ఆ సర్దుబాటు అవసరమే లేదు.

పాతదే మేలని నేను అనను. విండోస్ 3.1లో ప్రతి ప్రోగ్రాము తన వంతు ముగించుకొని స్వయంగా పక్కకు తప్పుకోవలసి వచ్చేది, ఒక్కటి మొండికేస్తే మిగతావన్నీ దానితోపాటు ఆగిపోయేవి. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95, కొత్త 32 బిట్ ప్రోగ్రాములకు వంతులు తానే పంచింది కాని, పాతవాటి కోసం పాత పద్ధతినీ మోయవలసి వచ్చింది. అందులోనూ, విండోస్ 98లోనూ మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల లెక్క దాదాపు 49.7 రోజులకు నిండిపోయి, కంప్యూటర్ స్తంభించిపోయే లోపం ఉండేది. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు డేవ్ కట్లర్ నాయకత్వంలో తయారై 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఒక ప్రోగ్రాము మెమరీలోకి మరొకటి చొరబడకుండా గట్టి గోడలు కట్టింది. 2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీతో ఆ పునాది ఇళ్లలోని కంప్యూటర్లకూ అందింది.

తెలుగువారికి ఎక్స్‌పీ మరో కారణంగానూ ముఖ్యం. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో సంఖ్యను కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 స్థానాలు కేటాయించారు. అయితే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలను కలిపి క్ష అని చూపాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మన గుణింతాలూ ఒత్తులూ తెలిసి ఉండాలి. విండోస్ 2000కు దేవనాగరి, తమిళం తెలిశాయి. తెలుగు, గౌతమి ఫాంటుతో సహా, ఎక్స్‌పీలో వచ్చింది. అదైనా అడగనిదే పలికేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్లి, సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, అది అడిగిన ఎక్స్‌పీ సీడీ వెతికి తెచ్చి, కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెడితే, అంతవరకూ డబ్బాలుగానో విరిగిన ఒత్తులుగానో కనిపించిన చోట తెలుగు అక్షరాలు వరుసగా నిలబడేవి. మొదటిసారి వాటిని చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ తాజాగానే ఉంది.

ఇప్పుడు ఆ పాత తెరలను మళ్లీ చూడటం కష్టం కాదు. డాస్‌బాక్స్ వంటి ఎమ్యులేటర్లు పాత ప్రాసెసర్ చేసే ప్రతి పనినీ కొత్త కంప్యూటర్‌లో అనుకరిస్తాయి. విండోస్ 3.1 నాటి ప్రోగ్రాములను ఇంటర్నెట్ ఆర్కైవ్ 2016 నుంచి బ్రౌజర్‌లోనే నడిపిస్తోంది. ఎంఎస్ డాస్ తొలి రూపాల సోర్స్ కోడ్‌ను మైక్రోసాఫ్ట్ 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా బయటపెట్టింది. కొందరు దీన్ని కాలక్షేపమనుకుంటారు. కాని మన డీటీపీ కేంద్రాల్లో 1990లలో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాములో కూర్చిన పుస్తకాలూ పత్రికలూ చాలావరకు యూనికోడ్‌లో లేవు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ముక్కల బొమ్మలను అతికించిన ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని ఇంగ్లీషు గీతలే. అందుకే ఎవరి ఇంటి అటక మీదనైనా అలాంటి సీడీ గాని ఫ్లాపీ గాని ఉంటే, దాన్ని పారేయకుండా, ఫాంట్లతో సహా ముందు కాపీ చేసి పెట్టుకోమని అడుగుతాను. దాన్ని తెరిచి చదవడానికి కావలసిన విండోస్ 98ను ఈనాటి కంప్యూటర్‌లో నడపడం ఒక సాయంత్రం పని.