హిప్నాటిస్టు కళ్ళలో ఏ శక్తీ ఉండదు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను సైకాలజిస్టుని. నా పనిలో హిప్నాసిస్ ఒక భాగం. పెళ్ళిళ్ళలోనో ఫంక్షన్లలోనో నన్ను పరిచయం చేస్తూ ఎవరైనా ఈ మాట చెబితే చాలు, అవతలివాళ్ళు సగం నవ్వుతో చూపు పక్కకి తిప్పుకుంటారు. "మీ కళ్ళలోకి చూడనండీ బాబూ" అని పైకే అనేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టను. మనకి హిప్నాటిజం పరిచయమైందే సినిమాల్లో ఊగే గొలుసు గడియారంతో, స్టేజీ మీద నల్లకోటు మెజీషియన్‌తో, గోడల మీద వశీకరణం పోస్టర్లతో. మూడూ చెప్పేది ఒకటే, శక్తంతా చేసేవాడి దగ్గరే ఉంటుందని. ఈ విద్య చరిత్ర మాత్రం మొదటినుంచీ అందుకు ఎదురు సాక్ష్యమే చెబుతోంది.

అపోహ: హిప్నాటిస్టు నుంచి ఏదో శక్తి మనలోకి ప్రవహిస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకానికి మూలపురుషుడు ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ (1734-1815). వియన్నాలో వైద్యం చదివాడు. విశ్వమంతా ఒక సూక్ష్మ ద్రవం నిండి ఉందని, అది ఒంట్లో సరిగ్గా పారకపోతే జబ్బులొస్తాయని, తాను దాన్ని దారిలో పెట్టగలనని అన్నాడు. మొదట్లో అయస్కాంతాలు వాడాడు. తర్వాత అవి కూడా అక్కర్లేదు, తన చేతులే చాలన్నాడు. దీనికి 'జంతు అయస్కాంతత్వం' అని పేరు పెట్టాడు.

1778లో పారిస్ చేరాక గిరాకీ పెరిగి, ఒక్కొక్కరినీ విడిగా చూసే తీరిక లేకుండా పోయింది. పెద్ద చెక్క తొట్టె ఒకటి చేయించాడు. అందులో నీళ్ళు, సీసాలు, ఇనప రజను. పైకి పొడుచుకొచ్చిన ఇనప కడ్డీలు. రోగులు చుట్టూ కూర్చుని నొప్పి ఉన్నచోట కడ్డీ ఆనించుకునేవారు. గదిలో మసక వెలుతురు, పక్కన గాజు హార్మోనికా సంగీతం. కాసేపటికి ఒకరికి దగ్గో వణుకో ఫిట్స్ లాంటి కుదుపులో మొదలయ్యేవి. ఒకరికి రాగానే పక్కవాళ్ళకీ వచ్చేవి. అవి వస్తేనే జబ్బు వదులుతుందని నమ్మకం. జాతరల్లో ఒకరి తర్వాత ఒకరికి పూనకం రావడం చూసినవాళ్ళకి ఇదేమీ వింతగా అనిపించదు.

1784లో పదహారో లూయీ రాజు దీనిమీద కమిషన్ వేశాడు. అమెరికా తరఫున పారిస్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోయిజర్, ఖగోళ శాస్త్రవేత్త బైయీ, డాక్టర్ గిలెటిన్ అందులో సభ్యులు. (తలలు నరికే యంత్రానికి అంటుకున్న పేరు ఈ డాక్టరుదే. బైయీ 1793లో, లవోయిజర్ 1794లో ఆ యంత్రం కిందే పోయారు. మన విషయానికి సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.) మెస్మర్ సహకరించలేదు. శిష్యుడు దెస్లాన్ ముందుకొచ్చాడు.

ఫ్రాంక్లిన్‌కి ఒంట్లో బాగోక ఆయన ఇంటి తోటలోనే కొన్ని పరీక్షలు చేశారు. దెస్లాన్ ఒక ఆప్రికాట్ చెట్టుకి శక్తి ఎక్కించాడు. పన్నెండేళ్ళ కుర్రాడిని కళ్ళకి గంతలు కట్టి తీసుకొచ్చి ఒక్కో చెట్టు దగ్గరా నిలబెట్టారు. వాడికి చెమటలు పట్టాయి, తలనొప్పి వచ్చింది, నాలుగో చెట్టు దగ్గర మూర్ఛపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు. అది ఇంకా దూరంగా ఉంది. లవోయిజర్ ఇంట్లో ఒకావిడకి వరసగా మామూలు నీళ్ళ కప్పులు ఇస్తే నాలుగో కప్పుకి కుదుపులొచ్చాయి. తేరుకుని మంచినీళ్ళు అడిగితే ఈసారి 'శక్తి ఎక్కించిన' కప్పు ఇచ్చారు. హాయిగా తాగేసింది.

రోగికి తెలియకుండా పరీక్షించే ఈ పద్ధతి ఇవాళ మందుల విషయంలో చేసే బ్లైండ్ ట్రయల్స్‌కి తొలి నమూనాల్లో ఒకటి. ద్రవం లేదు, గిద్రవం లేదు, అంతా ఊహే అని కమిషన్ తేల్చింది. తేల్చి ఊరుకుంది. నన్నడిగితే అసలు ప్రశ్న అక్కడే మొదలవ్వాలి. ఒట్టి ఊహ ఒక కుర్రాడిని మూర్ఛపోయేలా ఎలా చేయగలిగింది?

దానికి జవాబు వెతికిన తొలివాళ్ళలో ఒకడు మనవాడే. గోవాలోని కండోలిమ్‌లో 1756లో పుట్టిన అబ్బె ఫారియా. పారిస్‌లో 1813 నుంచి బహిరంగ ప్రదర్శనలిస్తూ, కడ్డీలూ తొట్టెలూ లేకుండా, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి "నిద్రపో" అనేవాడు. చేసేవాడిలో ఏ శక్తీ లేదని, జరిగేదంతా కూర్చున్న మనిషి మనసులోనే జరుగుతుందని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. పనాజీలో పాత సెక్రటేరియట్ పక్కన ఆయన విగ్రహం ఉంది. గోవా వెళ్ళే మనవాళ్ళు దాని ముందు సెల్ఫీ దిగుతారు, ఆయనెవరో తెలియకుండానే.

1840ల్లో మాంచెస్టర్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ కూడా ఇదే దారిపట్టి, ఒకచోట చూపు నిలపడం, ఒకే ఆలోచనలో లీనమవడం చాలని చూపించాడు. హిప్నాటిజం అన్న పేరు ఆయన ప్రచారంలోకి తెచ్చిందే.

అపోహ: హిప్నాసిస్‌లో మనిషి ఒక ప్రత్యేకమైన స్థితిలోకి వెళ్ళిపోతాడు, దాని లక్షణాలు అందరికీ ఒకటే.

వాస్తవం: మెస్మర్ రోగులకి కుదుపులొచ్చాయి. అదే 1784లో ఆయన శిష్యుడు పుయిసెగూర్ ఒక రైతుకి చేస్తే, కుదుపుల్లేవు సరికదా, అతను ప్రశాంతంగా కళ్ళు మూసుకుని మాట్లాడాడు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పారిస్‌లో షార్కో అనే పెద్ద న్యూరాలజిస్టు హిప్నాసిస్‌కి మూడు దశలుంటాయన్నాడు. ఆయన రోగులకి అచ్చం ఆ మూడు దశలే వచ్చేవి. ఫ్రాన్స్‌లోనే నాన్సీ పట్నంలో బెర్న్‌హైమ్ అనే డాక్టరు చూస్తే ఎవరికీ రాలేదు.

దీనికి తాళం చెవి లాంటి ప్రయోగం 1959లో మార్టిన్ ఆర్న్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రచురించాడు. హిప్నాసిస్‌లో కుడిచేతివాటం వాళ్ళకి కుడిచెయ్యి బిగుసుకుపోతుందని కొందరు విద్యార్థులకి ఒక క్లాసులో చెప్పించాడు. అది పూర్తిగా కల్పన. తర్వాత వాళ్ళని హిప్నటైజ్ చేస్తే చాలామందికి చెయ్యి నిజంగానే బిగుసుకుంది. ఆ కల్పన వినని క్లాసు వాళ్ళకి అలా జరగలేదు. ఏం జరుగుతుందని మనిషి అనుకుని వస్తాడో దాదాపు అదే జరుగుతుందన్నమాట. అందుకే నేను మొదటి సిట్టింగ్‌లో హిప్నాసిస్ జోలికే వెళ్ళను. వచ్చినవాళ్ళు దేన్ని ఊహించుకుని వచ్చారో అడగడంతోనే ఆ గంట గడిచిపోతుంది.

అపోహ: ఇదొక రకం నిద్ర.

వాస్తవం: కాదు. ఈఈజీ (మెదడులో విద్యుత్ తరంగాల్ని నమోదు చేసే పరీక్ష) తీస్తే మెలకువగా ఉన్న మెదడే కనిపిస్తుంది. నా మాటలు వినపడతాయి, బయట ఆటో హారన్ వినపడుతుంది. "నాకేం కాలేదు సార్, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి" అని చాలామంది నిరాశపడతారు. తెలియాలి కూడా. లేవలేకపోతే ఎలా అన్న భయమూ అక్కర్లేదు. నేను గది వదిలి వెళ్ళిపోతే కాసేపటికి వాళ్ళే కళ్ళు తెరుస్తారు, లేదా మామూలు నిద్రలోకి జారుకుని లేస్తారు.

అపోహ: హిప్నటైజ్ చేసి ఎవరి చేత ఏ పనైనా చేయించవచ్చు.

వాస్తవం: 1965లో ఆర్న్, ఇవాన్స్ కలిసి దీన్ని పరీక్షించారు. హిప్నాసిస్‌లో ఉన్నవాళ్ళని విషపు పాముని పట్టుకోమన్నారు, యాసిడ్‌లోంచి నాణెం తీయమన్నారు, ఆ యాసిడ్‌ని ఎదుటి మనిషి మీద చల్లమన్నారు. (ప్రమాదం జరగకుండా ఏర్పాట్లు చేసుకునే లెండి.) దాదాపు అందరూ చేశారు. కథ ఇక్కడితో ఆపేస్తే భయం వేస్తుంది. కానీ హిప్నాసిస్‌లో ఉన్నట్టు నటించమన్న రెండో గుంపు కూడా అవన్నీ చేసింది. ఎందుకు చేశారంటే, యూనివర్సిటీ వాళ్ళు మాకు నిజంగా హాని జరగనిస్తారా అన్నారు. వాళ్ళని కదిలించింది ఆ నమ్మకం, ప్రొఫెసరుగారి హోదా.

అందుకని ప్రమాదమే లేదనను. తెల్లకోటుకీ కాషాయానికీ మనవాళ్ళు ఇచ్చే గౌరవాన్ని వాడుకునే దుర్మార్గుడికి హిప్నాసిస్ మంచి సాకు అవుతుంది. తోడు ఎవర్నీ రానివ్వను, తలుపు వేయాలి అనే చోటికి వెళ్ళకండి.

పేపర్లలో వచ్చే 'హిప్నటైజ్ చేసి నగలు దోచుకున్నారు' వార్తల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాడు రెండు నిమిషాల్లో కళ్ళలోకి చూసి ఎవర్నీ హిప్నటైజ్ చేయలేడు. జరిగేది మాటల్లో పెట్టడం, దృష్టి మళ్ళించడం, నకిలీ బంగారం ఆశ చూపడం, కొన్నిసార్లు మత్తుమందు. మోసపోయానని ఇంట్లో చెప్పుకోవడం కష్టం, హిప్నటైజ్ చేశారని చెప్పుకోవడం తేలిక. ఆ అవమానం నాకు అర్థమవుతుంది. కాకపోతే పోలీసులకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పండి, దొంగ దొరకాలంటే.

స్టేజీ షోల గురించి రెండు ముక్కలు. వందలమందిలో "వేళ్ళు గట్టిగా పెనవేసుకోండి, ఇక విడిపోవు" అని మొదట ఒక పరీక్ష పెడతారు. నిజంగా విడదీయలేనివాళ్ళలోంచి, స్టేజీ ఎక్కాలని సరదా ఉన్నవాళ్ళని ఏరుకుంటారు. సగం షో అక్కడే అయిపోయింది. రెండు కుర్చీల మధ్య మనిషిని కర్రలా పడుకోబెట్టే ఐటమ్‌కైతే హిప్నాసిసే అక్కర్లేదు, ఒళ్ళు బిగపట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న చాలామంది కాసేపు అలా ఉండగలరు. ఇంట్లో ప్రయత్నించకండి, నడుం పట్టేస్తుంది.

అపోహ: మనోబలం లేనివాళ్ళే లొంగుతారు.

వాస్తవం: లొంగడమన్న ప్రశ్నే లేదు. 1959 నుంచి వాడుకలో ఉన్న స్టాన్‌ఫర్డ్ స్కేలులో పన్నెండు అంశాలతో ఎవరు ఎంత స్పందిస్తారో కొలుస్తారు. బాగా స్పందించేవాళ్ళు కొద్దిమంది, అసలు స్పందించనివాళ్ళు కొద్దిమంది, మిగతా అందరూ మధ్యలో. తెలివితక్కువతనానికీ దీనికీ సంబంధం లేదు. కథ చదువుతూ చుట్టుపక్కల ప్రపంచాన్ని మరిచిపోయేవాళ్ళు తరచుగా బాగా స్పందిస్తారు.

అపోహ: హిప్నాసిస్‌తో నిజం కక్కించవచ్చు, మరిచిపోయినవి, ఆఖరికి పూర్వజన్మ కూడా గుర్తుచేయించవచ్చు.

వాస్తవం: "మా ఆయనకి చేసి ఎవరితో మాట్లాడుతున్నాడో చెప్పించండి" అని అడిగేవాళ్ళు తక్కువేం కాదు. చేయను. చేసినా ఆయన హాయిగా అబద్ధం చెప్పగలడు. నార్కో పరీక్షతో దీన్ని కలిపేయకండి, అది మత్తు ఇంజెక్షన్‌తో చేసేది. దాన్ని కూడా మనిషి ఇష్టం లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పింది.

జ్ఞాపకాల విషయం ఇంకా ఇబ్బందికరం. 1983లో కెనడాలో లారెన్స్, పెర్రీ అనే పరిశోధకులు బాగా స్పందించే 27 మందిని తీసుకున్నారు. హిప్నాసిస్‌లో ఉండగా, గతవారం ఒక రాత్రి పెద్ద చప్పుడికి మీకు మెలకువ వచ్చింది కదా అని సూచించారు. తర్వాత 13 మంది అది నిజంగా జరిగిందనే నమ్మారు. కొందరైతే అసలు విషయం విప్పి చెప్పినా ఒప్పుకోలేదు. మనిషి అబద్ధమాడటం లేదు, గుర్తొచ్చిందనే అనుకుంటున్నాడు. పూర్వజన్మ సిట్టింగుల్లో వచ్చే కథలు కూడా ఇలా పుట్టేవే. 1950ల్లో అమెరికాలో ఒక గృహిణి తాను వెనకటి జన్మలో ఐర్లండ్ స్త్రీనని హిప్నాసిస్‌లో ఎన్నో వివరాలు చెప్పి సంచలనం రేపింది. వెతికి వెళ్ళిన విలేఖరులకి అలాంటి స్త్రీ బతికిన ఆధారమే దొరకలేదు. పునర్జన్మ మీద ఎవరి నమ్మకం వారిది, నేను దాని జోలికి పోను. దాన్ని రుజువు చేసే సాధనం హిప్నాసిస్ కాదంటున్నానంతే. ఇక్కడ పూర్వజన్మ ప్యాకేజీలకి వసూలు చేస్తున్న ఫీజులు చూస్తే నాకు మంటగానే ఉంటుంది.

అపోహ: అయితే ఇదంతా ఒట్టి భ్రమ, వైద్యంలో పనికిరాదు.

వాస్తవం: దీనికి బెంగాల్ వెళ్ళాలి. జేమ్స్ ఎస్‌డెయిల్ హుగ్లీలో ఈస్టిండియా కంపెనీ సర్జన్. మెస్మరిజం (మెస్మర్ పేరుమీద వచ్చిన పద్ధతి) గురించి చదవడమే తప్ప ఎన్నడూ చూసినవాడు కాదు. 1845 ఏప్రిల్ 4న వరిబీజంతో బాధపడుతున్న ఒక ఖైదీ మీద ప్రయత్నించాడు. నొప్పి తగ్గింది. ఆ తర్వాత బోదకాలు జబ్బు వల్ల వచ్చే పెద్ద పెద్ద గడ్డలు ఎన్నో ఇలాగే కోశాడు. చీకటి గదిలో స్థానిక సహాయకులు గంటలకొద్దీ రోగి ఒంటిమీదుగా చేతులు కదిలించేవారు. 1846లో ప్రభుత్వ కమిటీ చూసి, కొందరు రోగులు మెలికలు తిరిగారని, మొహంలో బాధ కనిపించిందని రాసింది. లేచాక మాత్రం రోగులు నొప్పి తెలియలేదన్నారు. కలకత్తాలో ఒక మెస్మరిక్ ఆసుపత్రే పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో ఈథర్, మరుసటి ఏడాది స్కాట్లండ్‌లో క్లోరోఫాం, ఆపరేషన్లకి మత్తుమందులుగా వచ్చేశాయి. గంటలు పట్టేది నిమిషాల్లో అవుతుంటే ఎవరాగుతారు? (క్లోరోఫాం భద్రత మీద 1888, 1889లో నిజాం ఖర్చుతో కమిషన్లు జరిగింది మన హైదరాబాద్‌లోనే.)

ఎస్‌డెయిల్ చూసింది పూర్తిగా భ్రమ కాదని ఇప్పుడు తెలుసు. 1997లో రెయిన్‌విల్ అనే పరిశోధకుడి బృందం వేడినీళ్ళలో చెయ్యి పెట్టిన మనుషుల మెదడు స్కాన్లు తీసింది. నొప్పి తాలూకు బాధ తగ్గుతుందని హిప్నాసిస్‌లో సూచిస్తే, ఆ బాధకి సంబంధించిన భాగంలో పని మారింది. వేడిని నమోదు చేసే భాగం మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. బెల్జియంలోని లియెజ్ ఆసుపత్రిలో 1992 నుంచి కొన్ని థైరాయిడ్ ఆపరేషన్లు పూర్తి మత్తు లేకుండా చేస్తున్నారు. లోకల్ అనస్తీషియా, కాస్త తేలికపాటి మత్తు, పక్కన హిప్నాసిస్. ఒక్క హిప్నాసిస్‌తోనే కాదు, గమనించాలి.

అపోహ: ఒక్క సిట్టింగ్‌లో సిగరెట్టు, టెన్షన్, ఫోను పిచ్చి అన్నీ పోతాయి.

వాస్తవం: పొట్టలో ఇరిటబుల్ బవెల్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో వచ్చే) సమస్యకి హిప్నాసిస్ ఉపయోగపడుతుందని 1984లో మాంచెస్టర్‌లో వోర్‌వెల్ అనే డాక్టరు చేసిన ట్రయల్ నుంచి మంచి ఆధారాలే ఉన్నాయి. వారాల తరబడి సిట్టింగులు కావాలి, ఇంట్లో రోజూ సాధన చేయాలి. నొప్పికి, దంతవైద్యం భయానికి, ఆపరేషన్ ముందు ఆందోళనకి బాగానే తోడ్పడుతుంది. సిగరెట్టు మాన్పించడంలో మిగతా పద్ధతుల కన్నా మెరుగని చెప్పడానికి సరిపడా ఆధారాల్లేవని, ఒక చికిత్స మీద జరిగిన పరిశోధనల్ని కలిపి జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ సమీక్షలు తేల్చాయి. అందుకే నేను ఆ బోర్డు పెట్టుకోను. పదో తరగతి పిల్లాడిని తీసుకొచ్చి "చదువు మీద ధ్యాస వచ్చేలా ఏదో ఒకటి చెయ్యండి" అనే తల్లిదండ్రులతో మాట్లాడేది మొదట వాళ్ళ గురించే. పిల్లాడికి ఇష్టం లేకపోతే హిప్నాసిస్ లేనే లేదు.

లేని గొంతులు వినపడేవాళ్ళకి, సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియకుండా పోయే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళకి ఇది సరిపడదు. ఫిట్స్ ఉన్నవాళ్ళు ముందుగా న్యూరాలజిస్టుని అడగాలి. చేసే మనిషి చదువు అడగండి. మానసిక సమస్యకి చికిత్స చేస్తానన్నవాడికి సైకియాట్రీలోనో క్లినికల్ సైకాలజీలోనో డిగ్రీ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ కూడా. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ గోడకి ఎంత పెద్ద ఫ్రేములో ఉన్నా అది డిగ్రీ కాదు. బీపీ, షుగర్, డిప్రెషన్ మందులు ఆపేయమన్నాడంటే ఇచ్చిన అడ్వాన్సు పోయినా సరే, లేచి వచ్చేయండి.