‘మెమరీ చాలదు’ అన్నంత మాత్రాన ర్యామ్ కొనకండి: డాస్ యంత్రాల గురించి అపోహలు - వాస్తవాలు

డాస్ (ఆదేశాలు టైపు చేసి నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పాత కంప్యూటర్లు బాగుచేసే పనిలో నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఫిర్యాదు ఒకటుంది. ప్రోగ్రామును తెరవగానే మెమరీ చాలదన్న సందేశం వస్తుంది. యజమాని ఎక్కడెక్కడో వెతికి పాత ర్యామ్ సంపాదించి అమరుస్తారు. బూట్ అయ్యేటప్పుడు తెర మీద అంకె పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, ప్రోగ్రామును తెరిస్తే మాత్రం అదే సందేశం.

అపోహ: ర్యామ్ పెంచితే ఆ సందేశం పోతుంది.

వాస్తవం: చాలా సందర్భాల్లో ఆ సందేశం మొత్తం ర్యామ్ గురించినది కాదు, మొదటి 640 కిలోబైట్ల కన్వెన్షనల్ మెమరీలో మిగిలిన ఖాళీ గురించినది. 1981 నాటి ఐబీఎం పీసీలో వాడిన 8088 ప్రాసెసర్‌కు అడ్రస్ లైన్లు (మెమరీలో ఏ చోటో సూచించే తీగలు) 20 మాత్రమే కావడంతో, అది ఒక మెగాబైటును మించి చూడలేదు; అందులోనూ పైనున్న 384 కిలోబైట్ల అడ్రసులను వీడియోకు, బయాస్‌కు (బూట్‌ను మొదలుపెట్టే, చిప్‌లోని సాఫ్ట్‌వేరుకు), అదనపు కార్డులకు కేటాయించారు. తర్వాత వచ్చిన 386 ప్రాసెసర్ 4 గిగాబైట్ల వరకు చూడగలిగినా, డాస్ పాత ప్రోగ్రాముల కోసం 8088 నాటి పాత పద్ధతి అయిన రియల్ మోడ్‌నే అంటిపెట్టుకుంది. అందువల్ల యంత్రంలో 4 మెగాబైట్లున్నా, 64 ఉన్నా మామూలు డాస్ ప్రోగ్రాము నడవడానికి దొరికే చోటు ఆ 640లోనే. ఈ హద్దు దాటించే డాస్ ఎక్స్‌టెండర్ అనే సాఫ్ట్‌వేరుతో వచ్చే ప్రోగ్రాముల సంగతి వేరు. అవి ఎక్స్‌టెండెడ్ మెమరీని (మొదటి మెగాబైటు పైనున్న ర్యామ్‌ను) నేరుగా వాడుకుంటాయి కాబట్టి వాటికి ర్యామ్ పెంచడం నిజంగానే ఉపయోగపడుతుంది.

ఒక ప్రయోగశాలలో కొలత పరికరాన్ని నడిపే 486 యంత్రం ఇలాగే మొరాయించింది. ఆ పరికరానికి వేరే సాఫ్ట్‌వేరు లేదు కనుక, యంత్రం పోతే పరికరమూ పోయినట్టేనని అక్కడి టెక్నీషియన్ ఎంతో ఆందోళనపడ్డారు. ఎవరో చెప్పిన మాట నమ్మి 4 మెగాబైట్లను అప్పటికే 16 చేశారు. ఏది ఎంత మెమరీ వాడుతోందో చూపే మెమ్ కమాండును /సి స్విచ్‌తో నడిపి చూస్తే సీడీ డ్రైవరు, మౌస్ డ్రైవరు, నెట్‌వర్క్ డ్రైవర్లు, చివరికి డాస్ కూడా కన్వెన్షనల్ మెమరీలోనే కూర్చుని ఉన్నాయి. వాటిని 640 కిలోబైట్లకు పైనున్న మెమరీలోకి తరలించాక ప్రోగ్రాము మొదటిసారే తెరుచుకుంది. అనుమానం మిగలకూడదని కొత్త ర్యామ్ తీసేసి, పాత 4 మెగాబైట్లతోనే మళ్లీ నడిపి చూపించాను.

తరలించే పద్ధతి ఇది. బూట్ సమయంలో డాస్ చదివే కాన్ఫిగ్.సిస్ ఫైలులో పై మెమరీని సంభాళించే రెండు డ్రైవర్లు, ముందు హైమెమ్.సిస్, దాని తర్వాతే ఈఎంఎం386.ఈఎక్స్ఈ ఉండాలి; ఆపై ‘డాస్=హై,యూఎంబీ’ అన్న వరుస రాస్తే డాస్‌లో ఎక్కువ భాగం మొదటి మెగాబైటు దాటిన వెంటనే ఉండే హై మెమరీ ఏరియాలోకి వెళ్తుంది. డ్రైవర్లను డివైస్‌హైతోనూ, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లోని ప్రోగ్రాములను లోడ్‌హైతోనూ ఎక్కించాలి. పెద్దవాటిని ముందు ఎక్కించడం మంచిది, ఎందుకంటే కొన్ని డ్రైవర్లకు చివరికి మిగిలే పరిమాణం కంటే లోడయ్యేటప్పుడు ఎక్కువ చోటు కావాలి.

అపోహ: ఎక్స్‌పాండెడ్, ఎక్స్‌టెండెడ్ మెమరీలు రెండూ ఒకటే. కావు. ఎక్స్‌పాండెడ్ మెమరీని ఒక కిటికీ లాంటి పేజ్ ఫ్రేమ్ ద్వారా ముక్కలుగా చూస్తారు, దానికి సాధారణంగా పై మెమరీలో 64 కిలోబైట్లు పోతాయి. మీ ప్రోగ్రాము దాన్ని అడగకపోతే ఈఎంఎం386కు నోఈఎంఎస్ అని చెప్పి ఆ చోటును డ్రైవర్లకు ఇవ్వండి.

అపోహ: సిమ్ములను (ర్యామ్ చిప్పులుండే చిన్న పలకలను) ఒక్కొక్కటిగా పెంచుకోవచ్చు. 486లో 30 పిన్నులవి నాలుగేసి, పెంటియంలో 72 పిన్నులవి సాధారణంగా రెండేసి వేయాలి. డేటా బస్సు (ప్రాసెసర్‌కు, మెమరీకి మధ్య డేటా వెళ్లే దారి) వెడల్పు నిండాలి కదా.

కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ ఫైళ్లను ముట్టుకుంటే డేటా పోతుందన్న ప్రచారం విని భయపడేవారు చాలామంది ఉన్నారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇవి బూట్ సమయంలో చదివే సాధారణ టెక్స్ట్ ఫైళ్లు మాత్రమే. మార్చే ముందు రెండింటినీ ఫ్లాపీలోకి కాపీ చేసుకోండి. మార్చాక యంత్రం మధ్యలో ఆగిపోతే, ఎంఎస్-డాస్ 6 నుంచి ఎఫ్5 కీతో ఈ రెండు ఫైళ్లనూ దాటవేసి బూట్ కావచ్చు, ఎఫ్8తో ఒక్కో వరుసనూ అనుమతిస్తూ ఎక్కడ ఆగుతోందో చూడవచ్చు. ఈఎంఎం386 దగ్గరే ఆగితే, ఏదైనా కార్డు వాడుకుంటున్న అడ్రసులను అది ఆక్రమించి ఉండవచ్చు; కార్డు మాన్యువల్‌లో ఆ పరిధి చూసి, ఎక్స్= స్విచ్‌తో దాన్ని మినహాయించండి.