టీవీకి ప్లేయర్ కొనే ముందు: పిల్లలకు ఒక ఉత్తరం

విజయనగరం

ప్రియమైన పిల్లలకు,

పండగ ఆఫర్లు మొదలయ్యాయంటే చాలు, మీలో ఎవరో ఒకరు వచ్చి "తాతా, టీవీకి ఏటి కొనమంటావు, స్టిక్కా, బాక్సా, ఏ కంపెనీది మంచిది?" అని అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అందరికీ కలిపి రాస్తే మేలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి టీవీలు విప్పి బిగించిన చేతులు నావి, కాబట్టి కంపెనీ పేరు కన్నా ముందు చూడాల్సినవి ఏమిటో కొంచెం గట్టిగానే చెబుతాను.

ముందుగా ఒక మాట. యాప్‌లు చూసి ప్లేయర్ ఎంచుకోవద్దు. యూట్యూబూ, పెద్ద ఓటీటీలూ పేరున్న ప్లేయర్లన్నిటిలోనూ వస్తాయి. మీరు అడగాల్సింది ఇది: మా ఇంట్లో ఉన్నవి ఇందులో ఆడతాయా? అమ్మానాన్నల పెళ్లి డీవీడీ, మామ్మ ఊళ్లో తప్పెటగుళ్లు ఆడినప్పుడు మామయ్య ఫోన్‌లో తీసిన వీడియో, పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు మేడ మీద నుంచి తీసుకున్నది, చెల్లి మొదటి పుట్టినరోజు. ఇవి ఏ ఓటీటీలోనూ దొరకవు. వీటిని ఇంటిల్లిపాదీ కూర్చుని పెద్ద తెర మీద చూసుకోలేకపోతే ఆ ప్లేయర్ ఎంత ఖరీదైనదైనా మీ ఇంటికి పనికొచ్చేది కాదని నా అభిప్రాయం.

స్టిక్ అన్నా, బాక్స్ అన్నా రెండూ మీడియా ప్లేయర్లే, స్టిక్ టీవీ వెనక నేరుగా గుచ్చేది, బాక్స్ కేబుల్‌తో విడిగా పెట్టేది. మీడియా ప్లేయర్ చేసే పని చిన్నదే. నెట్ నుంచో, పెన్‌డ్రైవ్ నుంచో, హార్డ్ డిస్క్ నుంచో కుదించి దాచిన ఫైల్ తీసుకుని, దాన్ని విప్పి, బొమ్మా శబ్దమూ హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా టీవీకి పంపిస్తుంది. స్మార్ట్ టీవీలో ఇదే లోపల ఉంటుంది. చిక్కేమిటంటే టీవీ ప్యానెల్ పదేళ్లు బాగా పనిచేసినా, లోపలి సాఫ్ట్‌వేర్ అంతకంటే చాలా ముందే పాతబడిపోతుంది, యాప్‌లు అప్‌డేట్ ఆగిపోయి ఒక్కొక్కటీ తెరుచుకోవడం మానేస్తాయి. అప్పుడు నాన్న దగ్గరికెళ్లి కొత్త టీవీ కొనమని పేచీ పెట్టకండి. బొమ్మ బాగానే వస్తోందంటే ఒక ప్లేయర్ తగిలిస్తే సరిపోతుంది.

ఇంట్లో ఇంకా డబ్బా టీవీ ఉన్నవాళ్లు కూడా దిగులు పడక్కర్లేదు. దాని వెనక పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో మూడు రంధ్రాలు ఉంటాయి, పసుపు బొమ్మకి, మిగతా రెండూ శబ్దానికి. ఆ మూడు రంధ్రాలనీ కలిపి ఏవీ అంటారు, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న కన్వర్టర్ షాపులో అడగండి. కొనేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, అది తెచ్చుకుంటే ఎంత తిప్పి పెట్టినా బొమ్మ రాదు. దానికి కరెంటు కూడా విడిగా ఇవ్వాలి. బొమ్మ పాత టీవీ నాణ్యతలోనే వస్తుంది, చిన్న అక్షరాలు చదవడం కష్టం, కానీ పాటలూ పాత సినిమాలూ హాయిగా చూడొచ్చు.

ఇక కరెంటు. నా దగ్గరికి "స్టిక్ పాడైపోయింది" అని తెచ్చినవాటిలో చాలావాటికి స్టిక్‌లో ఏ లోపమూ లేదు. కంపెనీ లోగో వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, అక్కడే తిరుగుతూ ఉంటుంది. చూస్తే అడాప్టర్ పెట్టెలోనే వదిలేసి, స్టిక్ వైరుని టీవీ వెనక యూఎస్‌బీలో గుచ్చి ఉంటారు. మామూలు యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. స్టిక్ అడాప్టర్ మీద సన్నటి అక్షరాలు చదవండి, 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటుంది, అంటే రెండింతలు. స్టార్ట్ అయ్యేటప్పుడు స్టిక్ ఎక్కువ కరెంటు లాగుతుంది, అది అందక ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. దాంతోపాటు వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గులో పెట్టండి. పెట్టెలో జానెడు హెచ్‌డీఎంఐ పొడిగింపు ముక్క ఒకటి వస్తే దాన్నీ పారేయకండి, స్టిక్ టీవీ వీపుకి అతుక్కోకుండా కాస్త బయటికి ఉంటే వేడీ తగ్గుతుంది, వైఫై కూడా బాగా అందుతుంది.

ఎండాకాలం సాయంత్రాలు మన వైపు ఉరుములు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మబ్బు పట్టిందంటే రిమోట్‌తో ఆపేసి ఊరుకోకుండా ప్లగ్ పీకండి. ప్లగ్గొక్కటే కాదు, డిష్ వైరు, రూటర్‌కి వచ్చే లాన్ వైరు ఉంటే అదీ. పిడుగు దూరంగా పడినా ఆ వైర్ల గుండా వచ్చి హెచ్‌డీఎంఐ పోర్టుని కాల్చేయవచ్చు. కానీ ఉరుములు మొదలయ్యాక వైర్ల జోలికి వెళ్లొద్దు, ముందే పీకాలి, అదీ పెద్దవాళ్లని పిలిచే.

చవక బాక్సుల గురించి కాస్త కోపంగానే రాస్తాను, ఏమనుకోవద్దు. అట్టపెట్టె మీద 8కె అని పెద్ద అక్షరాలు, లోపల పేరూ ఊరూ లేని సరుకు, "అన్ని సినిమాలూ ఫ్రీ" అని అమ్మకం. ఓటీటీ వాళ్లు మంచి నాణ్యత ఇవ్వాలంటే ఆండ్రాయిడ్ పరికరానికి వైడ్‌వైన్ ఎల్1 అనే, సినిమాలు కాపీ కొట్టకుండా కాపాడే భద్రత ఉండాలి, చాలా ఊరూపేరూ లేని బాక్సుల్లో ఉండేది అంతకంటే తక్కువ స్థాయి ఎల్3, అందులో పెద్ద ఓటీటీల సినిమాలు సాధారణంగా 480 గీతల బొమ్మకి మించి రావు. 4కె టీవీకి తగిలించి మసకబొమ్మ చూస్తూ కూర్చోవాలి. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది, ఇలాంటి కొన్ని బాక్సుల్లో ఫ్యాక్టరీలోనే వైరస్ ఎక్కించి పంపుతున్నారు. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రత్యేకంగా బ్యాడ్‌బాక్స్ 2.0 అనే, ఇలా వైరస్ ఎక్కిన పరికరాల వల గురించి హెచ్చరించింది, నేరగాళ్లు ఇంట్లో వైఫైని వాడుకుని తమ నేరాలు మన నెట్ మీదుగా నడుపుతారట. అదే వైఫైలో నాన్న ఫోన్‌పే కూడా ఉంటుంది కదా. గూగుల్ ఆమోదం ఉన్న ఆండ్రాయిడ్ టీవీ బాక్సో, పేరున్న కంపెనీ స్టిక్కో కొనండి, లేదంటే ఇంకో నెల ఆగండి. దొంగ సినిమాల మాట ఎత్తేవాడి దగ్గర అసలు కొనొద్దు.

నెట్ సంగతి తొందరగా చెప్పేస్తాను. నెట్‌ఫ్లిక్స్ వాళ్ల లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా, 4కెలో 7 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్ మీద హెచ్‌డీ పెడితే నలభై నిమిషాలకే ఖాళీ అయిపోవచ్చు, అక్క ఆన్‌లైన్ క్లాసుకి ఏమీ మిగలదు. సెట్టింగ్స్‌లో నాణ్యత తగ్గించుకోండి. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే వైఫైలో రెండు పేర్లు కనిపించవచ్చు, 2.4, 5 గిగాహెర్ట్జ్ అని. రూటర్ ఉన్న గదిలోనే టీవీ ఉంటే 5 పెట్టుకోండి, వేగం ఎక్కువ. మధ్యలో పాతకాలం మందపాటి గోడలు ఉంటే 2.4 పెట్టుకోండి, గోడ దాటేది అదే.

ఫోన్ నుంచి టీవీకి పంపడంలో కూడా రెండు రకాలున్నాయి. మిర్రర్ చేస్తే ఫోన్ తెరంతా టీవీకి పోతుంది, ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, మధ్యలో కాల్ వస్తే అందరికీ కనబడుతుంది. కాస్ట్ చేస్తే ఫోన్ "ఫలానా వీడియో పెట్టు" అని చెప్పి ఊరుకుంటుంది, మిగతాదంతా ప్లేయరే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. యూట్యూబ్ చూసేటప్పుడు కాస్ట్ వాడండి.

ఇప్పుడు మన సొంత వీడియోల దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. వీటికోసం అయితే స్టిక్ కన్నా బాక్స్ మేలు. బాక్సుకి వెనకో పక్కనో యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, పెన్‌డ్రైవ్ నేరుగా గుచ్చొచ్చు. చాలా స్టిక్‌లకి ఉన్న ఒక్క రంధ్రమూ కరెంటుకే సరిపోతుంది, కరెంటూ పెన్‌డ్రైవూ రెండూ ఒకే రంధ్రానికి తగిలించే ఓటీజీ కేబుల్ వేరే కొని తిప్పలు పడాలి.

పెన్‌డ్రైవ్‌లోకి పెళ్లి వీడియో ఎక్కిస్తుంటే, ఖాళీ ఎంతో ఉన్నా "ఫైల్ చాలా పెద్దది" అని ఆగిపోతుంది చూశారా? అది పెన్‌డ్రైవ్ తప్పు కాదు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే ఎఫ్‌ఏటీ32 అనే పాత పద్ధతిలో ఒక్క ఫైల్ 4 జీబీకి మించి పట్టదు. కంప్యూటర్‌లో ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి ఫార్మాట్ చేస్తే పడుతుంది. ఫార్మాట్ అంటే అందులో ఉన్నదంతా చెరిగిపోవడం, కాబట్టి ముందు అన్నీ వేరేచోట కాపీ చేసుకోండి. కొన్ని టీవీలూ బాక్సులూ ఎక్స్‌ఫ్యాట్‌ని చదవవు, అలాంటప్పుడు ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టి చూడండి.

శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే ఆ వీడియో హెచ్‌ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో ఉందేమో చూడండి, ఐఫోన్లు 2017 నుంచి అలాగే తీస్తున్నాయి, పాత ప్లేయర్లకి అది తెలియదు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే సౌండ్ డీటీఎస్, డాల్బీ అనే పద్ధతుల్లో ఉండొచ్చు, దాన్ని విప్పాలంటే కంపెనీ లైసెన్స్ డబ్బు కట్టాలి, చవక వాటిలో కట్టరు. రెండిటికీ ముందు ప్రయత్నించాల్సింది వీఎల్‌సీ అనే వీడియో యాప్. డబ్బులు అక్కర్లేదు, ప్రకటనలు లేవు, పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు మొదలుపెట్టి 2001లో అందరికీ తెరిచిచ్చేసిన పని అది. మీలాంటి పిల్లలే అన్నమాట. ఎక్కువ సినిమాలు దాచుకునేవాళ్లకి కోడీ అనే యాప్ కూడా బాగుంటుంది.

పాత డిస్కులు ఇంట్లో ఉంటే ఈ సెలవుల్లోనే బయటికి తీయండి. రికార్డు చేసుకునే డిస్కుల్లో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది పాడవుతుంది, తర్వాత ఎవరూ తిరిగి తేలేరు. వీసీడీ అయితే కంప్యూటర్‌లో పెట్టి ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్ తెరవండి, అందులో డీఏటీ అని ముగిసే ఫైలే అమ్మానాన్నల పెళ్లి. డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డర్‌లో ఒక్కోటీ 1 జీబీకి మించని ముక్కలుగా ఉంటుంది, ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. కంప్యూటర్ లేనివాళ్లు ఫోటో స్టూడియోలో అడగండి, చేసిపెడతారు.

వీసీడీ బొమ్మ 352 అడ్డం, 288 నిలువు చుక్కలు మాత్రమే, 4కె టీవీలో మసగ్గానే ఉంటుంది, కాస్త వెనక్కి జరిగి కూర్చోండి. డీవీడీలో మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలాగా గీతలు కనిపిస్తే వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ అని ఉంటుంది, ఆన్ చేయండి. తెరంతా నిండాలని బొమ్మని సాగదీయొద్దు. ఆ రోజుల్లో 4:3 కొలతలో తీశారు, సాగదీస్తే తాతమ్మ ముఖం వెడల్పైపోయి గుర్తుపట్టలేకుండా ఉంటుంది. పక్కన నల్లపట్టీలు ఉంటే ఉండనివ్వండి.

తెలుగు సబ్‌టైటిల్ పెడితే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తున్నాయని ఒక అమ్మాయి అడిగింది. ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో సేవ్ చేసి, వీడియోకి ఏ పేరుందో దానికీ అదే పేరు పెట్టి పక్కనే ఉంచితే చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ రాకపోతే ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం.

ఇంత పట్టుబట్టి సొంత ఫైళ్ల గురించి ఎందుకు రాస్తున్నానంటే, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను, మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్ని ఎలా చేశాయో చూసినవాణ్ని. రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. కరెంటు వచ్చాక కూడా నెట్ రావడానికి ఇంకా టైం పట్టింది. అలాంటప్పుడు ఇన్వర్టర్ మీద చిన్న టీవీ, పక్కన పెన్‌డ్రైవ్ గుచ్చిన ప్లేయర్ ఉంటే ఇంట్లో పసివాళ్లకి కాస్త టెన్షన్ తగ్గుతుంది. నెట్ ఉంటేనే తెరుచుకునే ప్లేయర్ ఆ రోజు దేనికీ కొరగాదు. కొనే ముందు షాపువాణ్ని వైఫై ఆపేసి పెన్‌డ్రైవ్ ఆడించి చూపించమనండి.

ఇంట్లో పెద్దవాళ్ల గురించి కూడా ఆలోచించండి. మామ్మకి మూడు రిమోట్లు ఇచ్చి నేర్చుకోమనడం న్యాయం కాదు. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ అనేది ఆన్ చేస్తే ఒక్క రిమోట్‌తోనే టీవీ, ప్లేయర్ రెండూ నడుస్తాయి. దాన్ని శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది, పని మాత్రం ఒకటే. మామ్మ చూసే ఛానల్ యాప్‌ని మొదటి వరసలో మొదటిది చేసి పెట్టండి. కొనుగోళ్లకి పిన్ పెట్టించండి, తమ్ముడు రిమోట్ నొక్కుతూ నొక్కుతూ ఏదో కొనేస్తే తర్వాత డబ్బులు వెనక్కి రప్పించడం పెద్ద పని.

డిస్కుల నుంచి తీసినవన్నీ రెండు చోట్ల దాచండి, ఒకటి టీవీ దగ్గర పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి వేరే ఇంట్లో, పిన్ని వాళ్లింట్లోనో పెదనాన్న దగ్గరో హార్డ్ డిస్క్‌లో. ఫైల్ పేర్లు ఎవరి పెళ్లో, ఏ ఊళ్లో, ఏ ఏడో తెలిసేలా పెట్టండి. వీడియోలో ఉన్నవాళ్లు ఎవరెవరో చెప్పగలిగిన పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏదైనా ఆడకపోతే ప్లేయర్ పేరూ, తెర మీద వచ్చిన మాటా ఉన్నదున్నట్టు రాసి పంపండి, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య