బృందం గురించి మనం నమ్మేవి, నిజంగా జరిగేవి

విశాఖపట్నంలో పొదుపు సంఘాలకు, కర్మాగారాల షిఫ్ట్ బృందాలకు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు కలిసి పనిచేయడంలో శిక్షణ ఇవ్వడం నా వృత్తి. ఏ సంఘానికి వెళ్ళినా మొదట వినిపించే ఫిర్యాదు మనుషుల మీదే ఉంటుంది: ఒకరు బద్ధకస్తులనీ, మరొకరు ఎవరితోనూ కలవరనీ చెబుతారు. స్వభావాలకు పాత్ర లేదని నేను అనను. అయితే పనిని ఎలా పంచారు, ఎవరి వంతు ఎవరికి కనిపిస్తోంది, ముందు ఎవరు మాట్లాడుతున్నారు అన్న ఏర్పాట్లే సంఘం నడకను ఎక్కువగా నిర్ణయిస్తాయని ఈ రంగంలోని పరిశోధనలూ నా అనుభవమూ చెబుతున్నాయి. ఆ ఏర్పాట్ల వైపు మన దృష్టి పోనివ్వని నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మనుషులు ఎంత పెరిగితే పని అంత పెరుగుతుంది.

మన తీరంలో పెద్దవల లాగడం చూసినవారికి ఈ నమ్మకం కలగడం సహజమే. కానీ ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ సరిగ్గా తాడు లాగే పనినే కొలిచి, 1913లో ఆ ఫలితాలను ప్రచురించారు. మనుషులు పెరిగేకొద్దీ మొత్తం బలం పెరిగింది గానీ, ఒక్కొక్కరి వంతు తగ్గుతూ వచ్చింది. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు, ఒక్కొక్కరూ ఒంటరిగా లాగగలిగిన దానిలో సుమారు సగమే లాగారు. ఇందులో కొంత నష్టం అందరి లాగుడూ ఒకే క్షణంలో పడకపోవడం వల్ల కలుగుతుంది. వల లాగేవారు అందరూ కలిసి పలికే పదానికి ఉన్న విలువ అక్కడే ఉంది: అది అలసటను మరిపించడమే కాక, అందరి బలాన్నీ ఒకే క్షణానికి చేరుస్తుంది.

మిగిలిన నష్టానికి కారణం వేరు. 1974లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో మనిషి కళ్ళకు గంతలు కట్టి, వెనుక మరికొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి అతను ఒక్కడే లాగుతున్నా, తోడు ఉందనుకున్నంత మాత్రాన బలం తగ్గించాడు. 1979లో మనస్తత్వవేత్త బిబ్ లటానే బృందం చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లోనూ ఇదే కనిపించింది. దీన్ని సోమరితనమని తిట్టి ఊరుకోవడం తేలికే గానీ, అదే పరిశోధకులు తర్వాత చూపిన విషయం మనకు ఎక్కువ అవసరం: ఎవరి వంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పినప్పుడు ఆ తగ్గుదల దాదాపు కనబడలేదు.

మన పొదుపు సంఘాల పంచసూత్రాలను నేను ఈ దృష్టితోనే చదువుతాను. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అన్న ఐదింటిలో చివరిది లెక్కల గొడవగా కనిపిస్తుంది గానీ, ప్రతి సభ్యురాలి వంతునూ అందరి ముందూ ఉంచేది అదే. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్, పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం ప్రారంభించినప్పటి నుంచి ఈ సంఘాలను సాధారణంగా పది నుంచి ఇరవై మందికే పరిమితం చేయడంలోనూ అర్థం ఉంది. ఇరవై మంది వంతులను గుర్తుంచుకోగలం, నూరు మందివి గుర్తుంచుకోలేం. పుస్తకం రాయడం లీడరమ్మ ఒక్కరి పనిగా మారి, మిగిలినవారు సంతకాలకే పరిమితమైన సంఘంలో వాయిదాలు ఎందుకు ఆగాయని అడిగితే, నేను ముందుగా ఆ పుస్తకాన్నే అందరికీ చదివి వినిపించమంటాను.

అపోహ: మాటా మాటా రాని బృందమే ఐకమత్యం గల బృందం.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే నమ్మకం ఇదే, ఎందుకంటే కర్మాగారాల్లో దీని మూల్యం ప్రాణాలతో ముడిపడి ఉంటుంది. మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ 1951లో ప్రచురించిన ప్రయోగాల్లో గీతల పొడవు పోల్చడమే పని. చుట్టూ ఉన్నవారంతా ముందే మాట్లాడుకుని తప్పు చెప్పినప్పుడు, విషయం తెలియని వ్యక్తి ఇచ్చిన సమాధానాల్లో దాదాపు మూడో వంతు ఆ తప్పు వైపే మొగ్గాయి. అయితే గుంపులో ఒక్కరు నిజం చెబితే చాలు, ఆ ఒత్తిడి బాగా సడలింది. మౌనాన్ని అంగీకారంగా తీసుకునే పెద్దలు ఈ రెండో సగాన్ని గుర్తుంచుకోవాలి.

ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను అధ్యయనం చేసిన ఏమీ ఎడ్మండ్‌సన్‌కు 1990లలో మొదట విచిత్రంగా తోచిన ఫలితం దొరికింది: మంచి బృందాలనుకున్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం వల్ల కాక, వాటిని దాచకుండా చెప్పుకోవడం వల్ల అలా కనిపించిందని ఆమె వివరించారు. మన పారిశ్రామిక ప్రాంతాలైన పరవాడలోనైనా గాజువాకలోనైనా, నెలల తరబడి త్రుటిలో తప్పిన ప్రమాదం ఒక్కటీ నమోదు కాని షిఫ్ట్‌ను మెచ్చుకునే ముందు, అక్కడ జూనియర్ ఆపరేటర్ "సార్, ఈ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు" అని చెబితే ఏమవుతుందో తెలుసుకోవాలి. ఇన్‌ఛార్జి తన అభిప్రాయాన్ని చివర చెప్పడం, ప్రతివారినీ పేరు పెట్టి అడగడం అనే రెండు అలవాట్లకు పైసా ఖర్చు లేదు.

దీనికి ఆనుకుని మరో నమ్మకం ఉంది: అందరినీ ఒకచోట కూర్చోబెడితే అందరి తెలివీ కలుస్తుందని. స్టాసర్, టైటస్ అనే పరిశోధకులు 1985లో చూపినట్టు, చర్చల్లో ఎక్కువ సమయం అందరికీ ముందే తెలిసిన విషయాలకే పోతుంది. ఒక్కరికే తెలిసిన సంగతి తరచూ ఆ ఒక్కరి దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి చర్చకు ముందే ఎవరికి తెలిసింది వారిని కాగితం మీద రాయమనాలి.

అపోహ: ప్రతి బృందమూ నాలుగు దశలు దాటి తీరాలి.

ఏర్పడడం, ఘర్షణ, కట్టుబాట్లు, పనితీరు అన్న నాలుగు దశలను శిక్షణ తరగతుల్లో ప్రకృతి సూత్రంలా బోధిస్తున్నారు. అమెరికా నౌకాదళ వైద్య పరిశోధనా సంస్థలో పనిచేసిన బ్రూస్ టక్‌మన్ 1965లో, అప్పటికి వెలువడిన దాదాపు యాభై అధ్యయనాలను క్రోడీకరించి ఈ క్రమాన్ని ప్రతిపాదించారు. వాటిలో ఎక్కువ భాగం చికిత్సా బృందాలవి. గడువుతో పనిచేసే బృందాలు అలాగే నడవాలని లేదు. పరిశోధకురాలు కాన్నీ గెర్సిక్ 1988లో ప్రచురించిన ఎనిమిది బృందాల అధ్యయనంలో అవి మొదటి సమావేశంలోనే ఒక పద్ధతికి అలవాటుపడి, గడువులో సగం గడిచేసరికి ఒక్కసారిగా పద్ధతి మార్చుకోవడం కనిపించింది. అందువల్ల "ఇది ఘర్షణ దశ, తానే సర్దుకుంటుంది" అని వేచి ఉండమనే సలహా నేను ఇవ్వను. గడువు మధ్యలో ఒక సమీక్ష పెట్టుకోమని మాత్రం తప్పక చెబుతాను.

అపోహ: పడని రెండు వర్గాలను ఒక విందులో కలిపితే సర్దుకుంటారు.

1954లో ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ బృందం ఒక వేసవి శిబిరంలో బాలురను రెండు జట్లుగా చేసి పోటీ పెట్టింది. వైరం ముదిరాక కలిసి భోజనం చేయించినా గొడవలు తగ్గలేదు. నీటి సరఫరా ఆగిపోయి, ఇరువురూ కలిస్తే తప్ప పని జరగని పరిస్థితులు వరుసగా వచ్చాకే తగ్గాయి. ఆ పరిస్థితులను పరిశోధకులే కల్పించారన్న విమర్శ న్యాయమైనదే. అయినా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక, కరెంటు లేక, నీళ్ళ కోసం ఒకరి మీద ఒకరు ఆధారపడిన రోజులను చూసిన విశాఖవాసులకు ఈ మాట కొత్తగా అనిపించదు.

అపోహ: ఒకే బృందాన్ని ఎక్కువ కాలం ఉంచితే మొద్దుబారుతుంది.

అప్పుడప్పుడూ కొత్తవారు రావడం మంచిదే, కానీ తరచూ మార్చడంలోని ప్రమాదాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1978 నుంచి 1990 వరకు సిబ్బంది పొరపాట్ల పాత్ర ఉన్న పెద్ద విమాన ప్రమాదాలను పరిశీలించినప్పుడు, వివరాలు దొరికిన వాటిలో 73 శాతం ఆ సిబ్బంది కలిసి పనిచేసిన మొదటి రోజునే జరిగినట్టు తేలింది. మన హార్బరులో ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ముగిశాక, కళాసీలు (బోటులో పనిచేసేవారు) మారిన బోటు దాదాపు అలాంటి మొదటి రోజుతోనే సముద్రంలోకి వెళుతుంది. జూన్‌లో ఆ మొదటి వేటకు బయలుదేరే ముందే, ఇంజిన్ ఆగినా, వల చిక్కుకున్నా, మనిషి నీళ్ళలో పడినా ఎవరు ఏ పనికి కదలాలో బోటు నడిపే సరంగు చెప్పడం కాక, ప్రతి కళాసీ చేత అందరి ఎదుటా చెప్పించాలి.