పిన్నులు చూడకండి, బంతిని చూడండి

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో టెన్‌పిన్ బౌలింగ్ గురించి, అదే బంతితో పది పిన్నుల్ని పడగొట్టే మన ఆట గురించి, మీరడిగింది ఇంకా నా మనసులో మెదులుతూనే ఉంది. "అదే బాల్, అదే లేన్, అలాగే వేశాం తాతయ్యా. మొదటి గేమ్‌లో చక్కగా తిరిగి పిన్నుల్లోకి వెళ్ళింది. మూడో గేమ్‌కి వచ్చేసరికి ఎడమకి లాగేస్తోంది. మా చేతిలోనే ఏదో తప్పుందా?" అన్నారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మీ చేతిలో తప్పేమీ లేదు. మారింది లేన్, అంటే బంతి వెళ్ళే ఆ బాట.

క్రికెట్‌లో పిచ్ ఎంత ముఖ్యమో టెన్‌పిన్ బౌలింగ్‌లో లేన్ మీద ఉండే ఆయిల్ అంత ముఖ్యం. పిచ్ మీద పగుళ్ళు, పచ్చిక కంటికి కనిపిస్తాయి. ఆయిల్ కనిపించదు. బంతి వేసేటప్పుడు దాటకూడని గీత, అంటే ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు, అడ్డంగా 39 సన్నటి బోర్డులు, అంతా ఒకేలా మెరుస్తూ ఉంటుంది. ఆట మొదలవకముందు ఒక మెషిన్ దాని మీదుగా వెళ్ళి పాత నూనెను తుడిచి కొత్తది పూస్తుంది. లేన్ మొత్తానికి మామూలుగా పట్టేది 20 నుంచి 30 మిల్లీలీటర్లే, అంటే నాలుగు నుంచి ఆరు టీస్పూన్లు. లేన్లు అచ్చమైన చెక్కతో చేసే రోజుల్లో ఆ చెక్క పాడవకుండా ఉండటానికే నూనె రాసేవారు. ఇప్పుడు చాలా లేన్లు సింథటిక్‌వి. అయినా నూనె పోలేదు, ఆటంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

ఈ నూనె చివరిదాకా ఉండదు. సాధారణంగా 40 అడుగుల దగ్గర ఆగిపోతుంది, కొన్నిచోట్ల కాస్త ముందే, కొన్నిచోట్ల కాస్త తర్వాత. ఆ పైన అంతా పొడి. అడ్డంగా చూసినా సమానంగా ఉండదు. మనలాంటి వాళ్ళు రోజూ ఆడే లేన్లలో మధ్యలో చిక్కగా, అంచుల్లో పల్చగా పూస్తారు. దాంతో బంతి పొరపాటున అంచువైపు వెళ్ళినా పొడి తగిలి వెనక్కి వస్తుంది, మధ్యకి వస్తే జారుతూ నిలబడుతుంది. పెద్ద పోటీల్లో ఈ సాయం ఉండదు. అక్కడ నూనె అడ్డంగా దాదాపు సమంగా పూస్తారు, రెండు బోర్డుల తేడాకే బంతి దారి తప్పుతుంది. టీవీలో గొప్ప ఆటగాళ్ళు స్పేర్ల కోసం, అంటే మొదటి బంతికి మిగిలిన పిన్నుల్ని రెండో బంతితో పడగొట్టడం కోసం, కష్టపడుతుంటే ఆశ్చర్యపోకండి.

ఇక బంతి సంగతి. తడి నేల మీద కాలు జారుతుంది, పొడి నేల తగలగానే పట్టు దొరుకుతుంది కదా? బంతికీ అంతే. చేతి నుంచి వెళ్ళగానే, మీరిచ్చిన స్పిన్‌తో పక్కకి తిరుగుతూనే, నూనె మీద తిన్నగా జారిపోతుంది. పొడి తగిలేసరికి పట్టు దొరికి వంపు తిరుగుతుంది. దాన్నే హుక్ అంటాం. చివరికి జారడం పూర్తిగా మానేసి దొర్లుతూ పిన్నుల్లోకి వెళుతుంది. జారడం, వంగడం, దొర్లడం. ఈ మూడూ ఎక్కడెక్కడ జరిగాయన్నదే అసలు విషయం.

కుడిచేతి వాళ్ళకి అన్నిటికన్నా ముందుండే ఒకటో పిన్నుకీ, దాని వెనక కుడివైపునున్న మూడో పిన్నుకీ మధ్య ఉండే సందు పాకెట్. బంతి అక్కడికి సుమారు 6 డిగ్రీల కోణంలో వస్తే పది పిన్నులూ పడే అవకాశం ఎక్కువ. తిన్నగా వచ్చిన బంతిని పిన్నులే పక్కకి నెట్టేస్తాయి. ఒక్కో పిన్ను ఒకటిన్నర కిలోలకి పైనే ఉంటుంది మరి, బంతి ఎంత బరువున్నా 16 పౌండ్లు, అంటే ఏడుంపావు కిలోలు దాటకూడదు.

నేను చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్నది ఇక్కడే. ఒకరోజు పాకెట్‌లోకి బాగానే వెళుతున్నా కుడి మూలన పదో పిన్ను ప్రతిసారీ నిలబడిపోతోంది. బంతి సరిగా తిరగడం లేదనుకుని ఇంకా గరుకు బాల్ తీసుకున్నాను. ఆట మరింత పాడైంది. పక్క లేన్‌లో ఆడుతున్న పెద్దాయన ఒకరు కాసేపు చూసి, "పిన్నులు చూడకు బాబూ, బంతి ఎక్కడ వంగుతోందో చూడు" అన్నారు. చూస్తే, అది సగం దారిలోనే వంగిపోతోంది! పిన్నుల దగ్గరికి చేరేసరికి దానిలో ఊపు మిగలడం లేదు. ఆలస్యంగా వంగినా ఆ పదో పిన్నే మిగులుతుంది, తొందరగా వంగి నీరసించినా అదే మిగులుతుంది. కారణాలు రెండూ పూర్తిగా వ్యతిరేకం, మందులు కూడా వ్యతిరేకమే. స్కోరు బోర్డు ఆ తేడా చెప్పదు. బంతి దారి ఒక్కటే చెబుతుంది.

బంతి పైపొరను బట్టి కూడా ఈ వంపు మారుతుంది. సెంటర్‌లో అద్దెకిచ్చేవి ఎక్కువగా ప్లాస్టిక్‌వి. అవి ఎక్కడైనా దాదాపు తిన్నగానే పోతాయి, అందుకే అనుభవమున్న వాళ్ళు కూడా స్పేర్ల కోసం ఒకటి దగ్గర పెట్టుకుంటారు. యూరిథేన్ బంతి నిదానంగా, సాఫీగా వంగుతుంది. మీ దగ్గరున్నది రియాక్టివ్ రకం. నూనెలో బాగా జారి, పొడి తగలగానే గట్టిగా పట్టేస్తుంది. బంతిని గరుకుగా రుద్దితే నూనె ఎక్కువున్న లేన్‌లో కూడా పట్టు ముందే దొరుకుతుంది, పాలిష్ పెడితే ఎక్కువ దూరం జారుతుంది. ఇది ఆటకి ముందే చేసుకోవాలి, పోటీ మొదలయ్యాక రుద్దకూడదు.

ఈసారి బాల్ తిరిగి రాగానే తుడవకుండా వెలుతురులో పట్టుకుని చూడండి. దాని మీద సన్నటి నూనె గీతలు కొన్ని పక్కపక్కనే ఉంటాయి, ఒక చోట దగ్గరగా చేరి, మళ్ళీ విడిపోయి, విసనకర్రలా పరుచుకుని. బంతి లోపలున్న బరువైన దిమ్మ, అంటే కోర్ వల్ల బంతి దొర్లే అక్షం చుట్టు చుట్టుకీ కొంచెం జరుగుతుంది. అందువల్ల ప్రతి చుట్టులోనూ నూనె అంటని కొత్త భాగం లేన్‌ని తాకుతుంది, పట్టు దొరుకుతుంది. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా అందంగా అనిపించేవి ఆ గీతలే. చూశాక మాత్రం తప్పకుండా తుడవండి.

ఆ గీతల్లోనే మీ ప్రశ్నకి జవాబుంది. ఆ నూనె లేన్ నుంచి వచ్చిందే కదా! రియాక్టివ్ బంతి నూనెని పీల్చుకుంటుంది కూడా. మీరు, మీ పక్కవాళ్ళు ఒకే దారిలో వేసిన కొద్దీ ఆ దారి ఎండిపోతుంది. మూడో గేమ్‌కి మీ బంతికి పట్టు ముందే దొరికింది, ఎడమకి లాగేసింది. అప్పుడు చెయ్యి మార్చకండి, నిలబడే చోటు మార్చండి. బంతి ఎటు తప్పితే పాదాలు అటే జరపాలి. ఎడమకి వెళ్ళిపోతే రెండు బోర్డులు ఎడమకి జరిగి, లేన్ మీదుండే బాణం గుర్తుల దగ్గర మీరు గురిపెట్టే చోటుని కూడా ఒక బోర్డు ఎడమకి జరపండి. నూనె ఇంకా మిగిలున్న చోటుకి బంతి వెళుతుంది. తర్వాతి గేమ్‌లో ఇంకొంచెం జరగాల్సి రావచ్చు, అది మామూలే.

ఈసారి వెళ్ళినప్పుడు మొదటి పది బంతులకి స్కోరు పట్టించుకోకండి. ఒకరు వేస్తుంటే ఇంకొకరు వెనక నిలబడి, బంతి ఎన్నో బోర్డు దగ్గర వంగిందో కాగితం మీద రాయండి. చివరి గేమ్‌లో మళ్ళీ పది రాయండి. ఆ రెండు కాగితాలూ నాకు పంపండి, కలిసి చూద్దాం.

ప్రేమతో,
మీ తాతయ్య