హై ఫన్: అపోహలు, వాస్తవాలు

బెంగళూరు గే యాప్‌లలో ‘హై ఫన్’ అంటే మత్తు ఎక్కించుకుని సెక్స్ చేయడం. మారతహళ్లి పీజీల్లో, వైట్‌ఫీల్డ్ ఫ్లాట్లలో ఉండే మన తెలుగు కుర్రాళ్లకూ ఆ మాట కొత్తేం కాదు. దాని చుట్టూ తిరిగే నమ్మకాల్లో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: శనివారం కండోమ్ లేకుండా జరిగింది, సోమవారం టెస్ట్ నెగటివ్. గండం గడిచినట్టే.

వాస్తవం: రెండు రోజుల్లో హెచ్‌ఐవీని ఏ టెస్టూ పట్టలేదు. ల్యాబ్‌లో చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టుకైనా 45 రోజులు ఆగాలి. సోమవారం చేయాల్సిన అసలు పని పెప్ (హెచ్‌ఐవీ తగిలి ఉండొచ్చనిపిస్తే అది ఒంట్లో పాతుకోకుండా వేసుకునే మందులు) మొదలుపెట్టడం. గడువు 72 గంటలు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకొకటి, 28 రోజులు. చిక్కంతా ఈ గంటల లెక్కతోనే. శుక్రవారం రాత్రి 11కి జరిగినదానికి గడువు సోమవారం రాత్రి 11తో సరి. పార్టీ ఆదివారం దాకా సాగి, మత్తు దిగి, నిద్ర తీరి లేచేసరికి మంగళవారం అవుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో పెప్ ముఖ్యంగా సూది గుచ్చుకున్న ఆసుపత్రి సిబ్బందికీ, లైంగిక దాడికి గురైనవారికీ ఇస్తారు. అక్కడ కాదంటే వాదిస్తూ కూర్చోకుండా ప్రైవేటు డాక్టర్ చీటీతో మందులు కొనుక్కోండి. డైజీన్ లాంటి యాంటాసిడ్ వాడేవాళ్లు ఈ మాత్రను దానికి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. లేదంటే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు.

అపోహ: ప్రెప్ వేసుకుంటున్నా, ఇంకేం కాదు.

వాస్తవం: ప్రెప్ అంటే హెచ్‌ఐవీ రాకుండా ముందుగానే వేసుకునే మాత్ర. అది ఆపేది హెచ్‌ఐవీని. సిఫిలిస్, గనేరియా, హెపటైటిస్ సి దాని పరిధిలోవి కావు. అవసరానికి వేసుకునే పద్ధతిలో సెక్స్‌కు 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, ఆ తర్వాత 24 గంటలకొకటి, చివరి సెక్స్ అయిన రెండు రోజుల దాకా. మత్తులో మరిచిపోయేది ఆ చివరి మాత్రల్నే, కాబట్టి పార్టీకి వెళ్లేముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. హెపటైటిస్ బి ఉన్నవారికి ఈ పద్ధతి పనికిరాదు, ముందే టెస్ట్ చేయించుకోవాలి.

అపోహ: సూది వాడం, ముక్కుతోనే పీలుస్తాం. హెపటైటిస్ సి ఎలా వస్తుంది?

వాస్తవం: పొడి రాపిడికి ముక్కు లోపలి పొర చిట్లుతుంది. చుట్టిన నోటు చివర అంటిన రక్తం కంటికి కనపడదు, ఆ నోటే చేతులు మారుతుంది. ఎవరి గొట్టం వారిదే. ఒకే డబ్బాలో అందరూ వేళ్లు ముంచే లూబ్రికెంటూ అంతే.

అపోహ: లూబ్రికెంట్‌గా కొబ్బరి నూనె చాలు.

వాస్తవం: లేటెక్స్ కండోమ్‌ను చిరిగేలా చేసేది అదే. వ్యాసలీన్ కూడా. నీటితో గానీ సిలికాన్‌తో గానీ చేసిన లూబ్రికెంట్ వాడండి, అరగంటకొకసారి కండోమ్ మార్చండి.

అపోహ: యూరిన్ టెస్ట్ క్లీన్, అంటే నేను క్లీన్.

వాస్తవం: గొంతులో, మలద్వారంలో ఉన్న గనేరియా, క్లమీడియా మూత్రంలో కనపడవు. ఆ చోట్ల నుంచి దూదిపుల్లతో తీసే స్వాబ్ అడిగి తీయించుకోండి.

అపోహ: పాపర్స్ (సీసాలోంచి ఆవిరి పీల్చే మత్తు ద్రవం), వయాగ్రా మంచి జోడీ.

వాస్తవం: రెండూ రక్తనాళాల్ని వదులు చేసేవే. కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, గుండె ఆగే ప్రమాదమూ ఉంది. మనిషి తూలితే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టి 108కి ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి అంటే ఇంట్లో ఉన్న సార్బిట్రేట్ నాలుక కింద పెట్టేస్తారు కదా, వయాగ్రా వేసుకున్నవాడికి ఆ పని అస్సలు చేయకండి. అదీ పాపర్స్ జాతి మందే.

అపోహ: ‘జి’ (జీహెచ్‌బీ అనే మత్తు ద్రవం) తాగి గురక పెడుతున్నాడు, పడుకోనిద్దాం.

వాస్తవం: దానికి మద్యం తోడైతే ఊపిరి మందగించి ఆగిపోతుంది. తట్టినా లేవకపోతే, గురకలో గరగర వినపడితే, వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవండి. ఒంటరిగా వదలొద్దు. ఏం తీసుకున్నాడో, ఎన్ని గంటలకు తీసుకున్నాడో అంబులెన్స్‌వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి.

హెచ్‌ఐవీ టెస్టు బౌరింగ్, విక్టోరియా ఆసుపత్రుల్లో ఉచితం. ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. ఫోన్‌లో అడగాలంటే 1097. పార్టీ లేని వారాంతం గడవడం లేదనిపిస్తే నిమ్హాన్స్‌లో వ్యసనాల విభాగం ఉంది.